కుంచెడు బియ్యము, రెండు వీసెల బెల్లము

గుంటూరు, ప్రకాశం మెట్టసీమలలో సంక్రాంతికి అరిసె వండని యిల్లు అరుదు. అయినను అరిసె మన యొక్కరి సొత్తు కాదు. తమిళులు అదిరసమందురు, ఒరియావారు అరిసె పిఠా అందురు. తిరుమల ఆలయమునందలి 15, 16 శతాబ్దుల శాసనములలో స్వామికి నివేదించెడి అతిరసపడి ప్రసక్తి కలదు. నైవేద్యములకు ఎంత బియ్యము, ఎంత నేయి కొలిచి యీయవలెనో ఆనాటివారు రాతిపై చెక్కించిరి. ఇంటి వంటల కట్టి భాగ్యము లేదు.

మా అమ్మమ్మ మాకు మిగిల్చిన లెక్క ఒక్క వాక్యమే: కుంచెడు బియ్యమునకు రెండు వీసెల బెల్లము, సోలెడు నువ్వులు.

ఆమె నరసరావుపేట చేరువనున్న మెట్టపల్లెకు కోడలుగా వచ్చిన నాటికి ఆ పొలములకు వానయే దిక్కు. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తియై తెనాలి, రేపల్లె ప్రాంతములు మాగాణులైనను, ఆ నీరు మెట్ట కెక్కలేదు. అమ్ముకొనుటకు ప్రత్తి, మిరప. తినుటకు జొన్న, సజ్జ, కొఱ్ఱ, వరిగ. వరి యన్నము పండుగనాటి మాట. అట్టి యింట కుంచెడు బియ్యము నానబోసి, తడియారకముందే దంచి, పిండి వంటకు వెచ్చించుట సామాన్యమైన సాహసము కాదు. మిరపకు తెగులు తగిలిన యేడు ఆమె అరకుంచమే పోసెడిదట. అరిసెల పరిమాణము తగ్గునే గాని సంఖ్య తగ్గరాదు. ఇరుగుపొరుగులకు, మిరపకోత కూలీలకు, ఆడపడుచుల యిండ్లకు పంచవలసిన లెక్క మారదు గదా! ఆ యేటి అరిసెను చూచి పంట యెట్లున్నదో చెప్పవచ్చునని మా మేనమామలు నవ్వుచుండెడివారు.

1967 ఆగస్టులో నాగార్జునసాగరు కాలువలకు నీరు వదలిరి. క్రమముగా ఆ పల్లెలోను వరి పండినది. పిల్లలు జొన్నసంకటి మరచిరి. అంతకుముందే, 1958 అక్టోబరు నుండి, మెట్రిక్ తూనికలు దశలవారీగా అమలులోనికి వచ్చినవి. వీసె పోయి కిలో వచ్చినది. అమ్మమ్మ మాత్రము ఇనుపపట్టీల కుంచమును విడువలేదు.

ఆమె గతించిన తరువాతి సంక్రాంతికి మా యింటి స్త్రీలు పాత లెక్కను కిలోలలోనికి మార్చిరి. వీసెకు రమారమి 1,400 గ్రాములు. ఇందు పేచీ లేదు. కుంచమునకు నాలుగు మానికలని పుస్తకము చెప్పినట్లే బియ్యము తూచిరి. పాకము కుదిరినది, చలిమిడి కలిసినది, కాని నూనెలో వేసిన ప్రతి అరిసెయు విచ్చిపోయినది. ముదురు పాకమే కారణమని ఒకరు, లేత పాకమని మరొకరు! మా అమ్మ ఆ మూకుడు దింపి, పెరటిలోనికి పోయి చాలసేపు రాలేదు. ఆమె యేడ్చినది అరిసెలకు కాదని మాకు తెలియును.

మరుసటి యేడు అటకమీద ఆ కుంచము దొరకినది. పూర్వము కుంచము ఊరూరికి మారుచుండెడిదన్న సంగతి మేము చరిత్రగా చదివినదే. మా వంటయింటికి వర్తించునని తోచలేదు. నిండుగా బియ్యము పోసి తూచితిమి. పుస్తకపు లెక్కకంటె దాదాపు అరకిలో హెచ్చు! ఇన్నాళ్ళును పిండి చాలక పాకమే మిక్కిలి యైనదన్నమాట.

ఈసారి అరిసెలు నిలిచినవి. చెక్కలతో నొక్కగా నూనె కారినది, అంచులు పగులలేదు. మా చెల్లెలు గ్రాముల లెక్కను పుస్తకములో వ్రాయుచుండగా మా అమ్మ ఆపినది. కొత్త బియ్యపు పిండి పాకమును తక్కువగా పీల్చును గనుక అమ్మమ్మ పాకము కొంత వేరే గిన్నెలోనికి తీసి, పిండి పట్టునుబట్టి తిరిగి పోసెడిదట. ఎంత తీసెడిదని చెల్లెలు అడిగినది. మా అమ్మ గరిటెను ఒకసారి వంచి చూపినది. పుస్తకములో ఆ పంక్తి ఇంకను ఖాళీగనే యున్నది.