కత్తెర, సూది, భవిష్యదక్షరం: రొవెరేతో కళాగృహ చరిత్ర

పుస్తకంలోని పాఠానికి వాడే చిన్న అక్షరం చదువరి దృష్టిని తన మీద నిలుపుకోకుండా అర్థం వైపు నడిపిస్తే చాలు. శీర్షికలకూ, గోడపత్రికలకూ, సరుకుల పెట్టెల మీది పేర్లకూ వాడే పెద్ద అక్షరం మాత్రం ముందు తన రూపాన్నే చూడమంటుంది. అచ్చుపనిలో డిస్‌ప్లే అక్షరం అని వ్యవహరించే ఈ రెండో రకంలో, యంత్రాన్నీ వేగాన్నీ రాబోయే కాలాన్నీ స్ఫురింపజేసే రూపాలు ఇరవయ్యో శతాబ్దపు తొలి దశకాల్లో విరివిగా పుట్టాయి. అవి ముందు కర్మాగారాల్లో తయారై, తరువాత చేతివృత్తులవారి చేతికి వచ్చి ఉంటాయని అనుకోవడం సహజం. కానీ వాటి చరిత్రలోని ఒక ముఖ్యమైన అధ్యాయం ఉత్తర ఇటలీలోని రొవెరేతో పట్టణంలో, ఆడవాళ్లు కత్తెరా సూదీ పట్టుకొని పనిచేసిన ఒక కార్ఖానాతో ముడిపడి ఉంది. కళాకారుడు ఫోర్చునాతో డెపేరో (1892–1960), ఆయన భార్య రొజెత్తా అమదోరి 1919లో నెలకొల్పిన ఈ భవిష్యద్వాద కళాగృహం చరిత్రను పరిశీలిస్తే, యంత్రాన్ని కీర్తించిన అక్షరానికి దాని తెగువ చాలావరకు చేతిపని వల్ల వచ్చిందని తెలుస్తుంది.

భవిష్యద్వాదం అంటే గతాన్ని నిరాకరించి, నగరాన్నీ మోటారునూ యుద్ధాన్నీ కీర్తించిన ఇటాలియన్ కళోద్యమం. కవి మరినెత్తి రాసిన దాని తొలి ప్రకటన 1909 ఫిబ్రవరి 20న పారిస్ పత్రిక లె ఫిగారోలో వెలువడింది. 1913 నాటి మరో ప్రకటనలో ఆయన ఒకే పేజీలో మూడు నాలుగు రంగుల సిరాలనూ, అవసరమైతే ఇరవై రకాల అక్షరాలనూ వాడవచ్చునని ప్రతిపాదించాడు. వ్యాకరణపు కట్టుబాట్లు విడిచి పేజీ అంతటా పరుచుకొనే ఈ బంధముక్త పదాల పద్ధతికి 1914లో వచ్చిన ఆయన పుస్తకం జాంగ్ తుంబ్ తుమ్ ప్రసిద్ధ ఉదాహరణ. అయితే అందులో మారినది అక్షరాల కూర్పే. కంపోజిటర్ల గళ్లలో అప్పటికే ఉన్న సీసపు అక్షరాలే కొత్త వరుసల్లో నిలిచాయి. కొత్త కాలానికి తగిన అక్షర రూపం ఎలా ఉండాలన్న ప్రశ్న అలాగే మిగిలింది.

ఆ ప్రశ్నకు సమాధానం వస్తువుల వైపు నుంచి వచ్చింది. 1915 మార్చిలో చిత్రకారుడు జాకొమో బల్లాతో కలిసి డెపేరో విశ్వానికి భవిష్యద్వాద పునర్నిర్మాణం అనే ప్రకటనను విడుదల చేశాడు. కళ చిత్రపటాల చట్రంలో ఆగిపోకుండా దుస్తులు, బొమ్మలు, గృహోపకరణాల దాకా విస్తరించాలన్నది దాని సారాంశం. యౌవనంలో రొవెరేతోలో పాలరాతి పనివారి దగ్గర పనిచేసిన డెపేరోకు ఈ ఆలోచన కేవలం సిద్ధాంతం కాదు. 1917లో కాప్రి ద్వీపంలో స్విస్ రచయిత జిల్బెర్ క్లావెల్ ఆతిథ్యంలో ఉన్నప్పుడు, ఆయన రొజెత్తా సాయంతో రంగు బట్టల ముక్కలను కుట్టి చిత్రాలు చేయడం మొదలుపెట్టాడు.

1919లో ఆ దంపతులు తిరిగివచ్చిన రొవెరేతో, మొదటి ప్రపంచ యుద్ధంలో ఆస్ట్రియా–ఇటలీ సేనల మధ్య చిక్కి బాగా దెబ్బతిన్న పట్టణం. అక్కడ వెలసిన కళాగృహంలో గోడకు వేలాడదీసే బట్ట చిత్రాలు, దిండ్లు, కొయ్య బొమ్మలు, సామాను, ప్రకటన పత్రాలు తయారయ్యాయి. బట్ట చిత్రాల విషయంలో పని విభజన స్పష్టంగా ఉండేది: డెపేరో నమూనా గీసి రంగులు నిర్ణయించేవాడు; రొజెత్తా పర్యవేక్షణలో కుట్టుపనివారు ఊలు బట్టను ఆ ఆకారాలకు కత్తిరించి, ముక్కలను అంచుకు అంచు చేర్చి, కింద పరచిన గట్టి గుడ్డ మీద కుట్టేవారు. చెక్కలో రంగురంగుల ముక్కలు పొదిగే పనికి వాడే పేరునే దీనికీ వాడి, బట్ట పొదుగుడు అన్నారు. లంబాడీల దుస్తుల మీది అతుకు పని చూసినవారికి ఈ పద్ధతిలోని మూలసూత్రం సులభంగా బోధపడుతుంది.

ఈ పనికి కొన్ని సహజమైన పరిమితులు ఉన్నాయి. మర్దించి దట్టం చేసిన ఊలు బట్ట కత్తిరించిన చోట సులభంగా పోగులూడదు కాబట్టి, నిలువు గీతలూ పదునైన మూలలూ అందులో నిస్సంకోచంగా తీయవచ్చు. సన్నని తోకలు, క్రమంగా పలచబడే వంపులు మాత్రం కత్తెరకు కష్టం. ఛాయాభేదాలకు చోటు లేదు కాబట్టి ఒక్కో ముక్క ఒకే చదునైన రంగుతో నిలుస్తుంది. డెపేరో ప్రకటన చిత్రాల్లోని అక్షరాలను ఈ బట్ట చిత్రాల పక్కన పెట్టి చూస్తే పోలిక దాగదు: మందంలో తేడాలు లేని దిట్టమైన గీతలు, త్రికోణపు కోతలు, మెట్ల మాదిరి అంచులు, పక్కనే ఘనంగా నిలిచే నీడలు. యంత్రభాగాన్ని తలపించే ఆ రూపం చాలావరకు కత్తెర నేర్పిన క్రమశిక్షణకు ప్రతిఫలం. పైగా ఇవి అచ్చు కర్మాగారంలో పోతపోసిన పూర్తి వర్ణమాలలు కావు. ఒక్కో పనికి, ఒక్కో పేరుకు తగినట్టు చేత్తో గీసిన అక్షరాలు కావడం వల్ల, అన్ని పదాల్లోనూ ఒదగాలనే నిర్బంధం వాటికి లేకపోయింది.

ఈ స్వేచ్ఛ ఎంతవరకు వెళ్లగలదో 1927లో వెలువడిన డెపేరో ఫుతురిస్తా అనే పుస్తకం చూపింది. డెపేరో తన కృషినంతా ఒకచోట కూర్చిన ఈ సంపుటాన్ని మిలాన్‌లో ఫెదెలె అజారి ప్రచురించాడు. దారంతో కుట్టడానికి బదులు రెండు పెద్ద అల్యూమినియం బోల్టులతో బిగించడం అజారి కల్పనే. నట్లు విప్పితే పేజీలు విడివడతాయి. చదవాలంటే పుస్తకాన్ని పలుమార్లు తిప్పవలసి వస్తుంది, ఎందుకంటే వాక్యాలు ఏటవాలుగా, వలయాలుగా, నిలువుగా సాగుతాయి. సీసపు అక్షరాలను బిగించే ఇనుప చట్రం దీర్ఘచతురస్రాకారంలో ఉండేది కనుక, తిన్నని వరుసలకే అది అనువుగా ఉండేది. ఒక వరుసను వాలుగా నిలపాలంటే చుట్టూ ఉన్న ఖాళీని ముక్కముక్కగా పూరించి బిగించాలి. కర్మాగారపు ఉత్పత్తిలా కనిపించే ఈ పుస్తకం వెనుక, దాన్ని అచ్చువేసిన రొవెరేతో పనివారి ఓపికతో కూడిన చేతి నైపుణ్యం ఉంది.

అదే సంవత్సరం మోంజాలో జరిగిన అలంకార కళల ప్రదర్శనలో, బెస్తెత్తి–తుమ్మినెల్లి, త్రెవెస్ ప్రచురణ సంస్థల కోసం డెపేరో నిర్మించిన పుస్తక మండపానికి భారీ అక్షరాలే గోడలయ్యాయి. కట్టడానికి పైన పేరు తగిలించడం పాత పద్ధతి. ఇక్కడ పేరే కట్టడమయింది. దీనికి ఆయన ముద్రణాక్షర వాస్తుశిల్పం అని పేరు పెట్టాడు. పానీయాల సంస్థ కంపారి కోసం చేసిన పనిలోనూ ఈ ధోరణే కనిపిస్తుంది. తిరగేసిన పానపాత్ర ఆకారాన్ని తలపించే కంపారి సోడా సీసా 1932లో మార్కెట్‌లోకి వచ్చింది. డెపేరో రూపకల్పనగా ప్రసిద్ధమైన ఆ సీసాకు కాగితపు లేబుల్ లేదు, పేరు గాజులోనే ఉబ్బెత్తుగా పోతపోసి ఉంటుంది.

రొవెరేతో ఒంటరి ఉదాహరణ కాదు. లిగూరియా తీరాన మట్టిపాత్రలకు పేరుపొందిన అల్బిసోలాలో తుల్లియో ద అల్బిసోలా అనే కుమ్మరి కళాకారుడు భవిష్యద్వాద రూపాలను కుండల మీదికి తెచ్చాడు. 1932లో సమీపంలోని సవోనాలో మరినెత్తి కవితలతో ఆయన రూపొందించిన పుస్తకానికి పేజీలన్నీ రేకులే. డబ్బాల మీద బొమ్మలు ముద్రించే లితో పద్ధతిలోనే వాటి మీద అక్షరాలు ముద్రించారు.

ఈ చరిత్రకు చీకటి పార్శ్వం కూడా ఉంది. యుద్ధాన్ని కీర్తించిన ఉద్యమం ఫాసిజంతో చేతులు కలిపింది, డెపేరో కూడా ఆ పాలనకు అనుకూలంగా రాశాడు, గీశాడు. 1943 నాటి ఆయన పుస్తకం ఆ పక్షపాతాన్ని దాచుకోలేదు. యుద్ధానంతరం ఆయన కళకు ఆదరణ తగ్గడానికి ఇదొక ప్రధాన కారణం. ఆర్థికంగానూ కళాగృహం తేలికగా సాగలేదు. చేతితో కుట్టిన బట్ట చిత్రానికి పట్టే కాలం వల్ల అది సామాన్యుల ఇంటికి చేరే సరుకు కాలేకపోయింది. 1928లో న్యూయార్క్ వెళ్లి, పత్రికలకు ముఖచిత్రాలు వేస్తూ అక్కడ తన కళాగృహాన్ని నిలబెట్టాలని చేసిన యత్నం ఫలించక, 1930లో ఆయన స్వదేశానికి తిరిగివచ్చాడు. పని పంపకంలోని అసమానత కూడా గమనించదగినది: బట్ట చిత్రాలు డెపేరో పేరుతోనే ప్రసిద్ధమయ్యాయి గానీ, వాటిని కుట్టిన స్త్రీల పేర్లు పెద్దగా ప్రచారంలోకి రాలేదు.

1959లో రొవెరేతోలో డెపేరో పేరిట ఏర్పడిన మ్యూజియం, మరమ్మతుల అనంతరం 2009లో మళ్లీ తెరుచుకొని, ఆ బట్టలనూ బొమ్మలనూ ప్రకటన చిత్రాలనూ భద్రపరుస్తున్నది. నేడు సబ్బు పొట్లం మీదా, మట్టి కప్పు మీదా, చేనేత సంచి మీదా భవిష్యత్తును స్ఫురింపజేసే ఫాంటును ముద్రించడం కంప్యూటర్ వల్ల సులభమయింది. తయారైన వర్ణమాలను ఏ వస్తువు మీదికైనా మార్పు లేకుండా దించవచ్చు. రొవెరేతో అనుభవం ఇందుకు భిన్నమైన క్రమాన్ని సూచిస్తుంది. అక్కడ బట్ట తన గుణాన్ని బట్టి అక్షరపు మందాన్నీ మూలనూ నిర్ణయించింది. వస్తువుతో ఈ సంబంధం లేని చోట అలాంటి అక్షరం కొద్దికాలంలోనే పాతబడిన వేషంగా కనిపిస్తుందనీ, సంబంధం ఉన్న చోట వందేళ్ల తరువాత కూడా నిలుస్తుందనీ ఈ కళాగృహపు చరిత్ర సూచిస్తుంది.