దొడ్డిదారిన పళ్లెంలోకి

జన్యుమార్పిడి తిండి మొట్టమొదట బజారుకెక్కింది రుచి పేరు చెప్పుకునే. 1994లో అమెరికాలో కాల్జీన్ అనే కంపెనీ ఫ్లేవర్ సేవర్ టమాటాను అమ్మకానికి పెట్టింది. కాయ మెత్తబడటానికి తోడ్పడే ఎంజైమును అందులో బాగా తగ్గించారు. పచ్చికాయ కోసి, దూరాలు తోలి, ఇథిలీన్ పట్టించి ఎరుపెక్కించే బాధ ఉండదని, చెట్టునే రంగు తిరిగాక కోసినా నాలుగు రోజులు ఆగుతుందని వాళ్ల ధీమా. తీరా చూస్తే జన్యువు ఎక్కించిన టమాటా రకానికే రుచి అంతంత మాత్రం. పండిన కాయను చితక్కుండా తోలే ఖర్చు తడిసి మోపెడైంది. 1997 నాటికి కొట్లలో అది కనబడలేదు. దాన్ని ముంచింది ఉద్యమాల కన్నా ఎక్కువగా గిట్టుబాటు లెక్కలే.

ఆ తర్వాత కంపెనీలు తినేవాణ్ని వదిలేసి పండించేవాడి వైపు తిరిగాయి. 1996 నుంచి అమెరికా పొలాల్లో పరుచుకున్నవి కలుపుమందును తట్టుకునే సోయా, పురుగును చంపే మొక్కజొన్న, పత్తి. రైతుకు పని తేలికైంది, విత్తనాల కంపెనీకి డబ్బులొచ్చాయి. కొనుక్కుని తినేవాడికి మాత్రం రుచిలోనో బలంలోనో కంటికి కనబడే లాభమేమీ దక్కలేదు. లాభం లేనిచోట చిన్న అనుమానం కూడా కొండంతై కూర్చుంటుంది. 1998లో స్కాట్లండ్‌లోని రోవెట్ సంస్థ శాస్త్రవేత్త అర్పాద్ పుస్తాయ్, జన్యుమార్పిడి బంగాళాదుంపలు తిన్న ఎలుకలకు హాని జరిగిందని టీవీలో చెప్పగానే బ్రిటన్ అట్టుడికింది. ఆ ప్రయోగం లోపాలపుట్ట అని రాయల్ సొసైటీ అన్నా జనం భయం దిగలేదు. 2000లో పశువుల దాణాకు మాత్రమే అనుమతి ఉన్న స్టార్‌లింక్ మొక్కజొన్న అమెరికాలో మనుషులు తినే టాకోల్లో బయటపడింది. పుస్తాయ్ ఎలుకల కన్నా నాకు ఇదే పెద్ద సంగతిగా తోస్తుంది. గోదాములో గింజలు కలిశాక ఏది దాణా, ఏది తిండి అని విడదీయడం ఎవరి తరమూ కాదని అప్పుడే తేలిపోయింది.

మన దేశంలో 2002 మార్చిలో పురుగును చంపే ప్రొటీనున్న బీటీ పత్తికి అనుమతి వచ్చింది. పత్తి తినే పంట కాదు కదా అన్న భరోసాతో వాదాలన్నీ పురుగు, దిగుబడి, విత్తనం ధర చుట్టూనే తిరిగాయి. ధర మీద పోరాడింది ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే. 2006లో గుత్తాధిపత్య నిరోధక కమిషన్ దాకా వెళ్లి 450 గ్రాముల ప్యాకెట్టు ధరను 750 రూపాయలకు దించింది. ఈ హడావుడిలో గింజ సంగతి ఎవరికీ పట్టలేదు.

జిన్నింగ్ మిల్లులో పత్తిని ఆడిస్తే బరువులో సుమారు మూడో వంతు దూది, మిగిలిందాంట్లో ఎక్కువ భాగం గింజ. ఆ గింజ నూనె మిల్లుకు పోతుంది. అక్కడ దిగే ముడి నూనె నల్లటి ఎరుపులో ఉంటుంది. గాసిపాల్ అనే విషపదార్థం చలవ అది. కాస్టిక్ సోడాతో శుద్ధి చేసి, రంగు విరిచి, వాసన పోగొట్టాకే వంటకు పనికొస్తుంది. ఇంత శుద్ధి అయ్యాక నూనెలో ప్రొటీను దాదాపు మిగలదు కాబట్టి బీటీ ప్రొటీనుకు భయపడక్కర్లేదని నిపుణుల వాదన. రసాయనశాస్త్రం ప్రకారం సరైన మాటే. కానీ ప్రొటీను చెక్కలో నిలిచిపోతుంది, ఆ పత్తి చెక్క గేదెల తొట్టిలో పడుతుంది. దేశంలో పత్తి సాగులో 90 శాతానికి పైగా బీటీయే అయినప్పుడు, జన్యుమార్పిడి తిండి మన దేశంలోకి ఇంకా రాలేదని చెప్పుకోవడం మనల్ని మనం మభ్యపెట్టుకోవడమే. 2006లో వరంగల్ జిల్లాలో పత్తి ఏరిన చేలలో మేసిన గొర్రెలు చచ్చిపోయాయన్న వార్తలొచ్చాయి. వాటికి బీటీతో సంబంధం ఉన్నట్టు ఆధారాల్లేవని కేంద్ర కమిటీ జీఈఏసీ తేల్చింది. కాపర్ల అనుమానం మాత్రం తీరలేదు.

అసలు రగడ వంకాయతో మొదలైంది. కొమ్మ, కాయ తొలిచే పురుగు వంగతోటకు శని. ఆకు మీద పెట్టిన గుడ్డు పగిలి, పిల్లపురుగు లేత కొమ్మలోకి దూరితే చివర వాడి వేలాడుతుంది. కాయలోకి దూరితే తన రెట్టతోనే రంధ్రం పూడ్చుకుని లోపల హాయిగా తింటుంది. బయట ఎంత మందు కొట్టినా దానికి తగలదు. అందుకే రైతు అదేపనిగా కొడుతూనే ఉంటాడు. కాయలోనే బీటీ ప్రొటీను ఉంటే ఈ బాధ తప్పుతుందని విత్తనాల కంపెనీ మహికో వాదించింది, 2009 అక్టోబరు 14న జీఈఏసీ సరేనంది. పర్యావరణ మంత్రి జైరాం రమేశ్ దాన్ని అక్కడే ఆపి, హైదరాబాద్ సహా 7 నగరాల్లో జనం మాట విన్నారు. హైదరాబాద్‌లోని పరిశోధన సంస్థ సీసీఎంబీ వ్యవస్థాపకుడు పుష్ప భార్గవ పరీక్షలు చాలవని గట్టిగా పట్టుబట్టారు. ఎలుకలకు 90 రోజులు తినిపించి జీవితమంతా తినేవాళ్ల సంగతి ఎలా చెబుతారు, కంపెనీ సొంత పరీక్షలనే ప్రమాణంగా ఎలా తీసుకుంటారు అన్న అడ్డుప్రశ్నలకు తృప్తినిచ్చే జవాబు రాలేదు. నాటి ఆంధ్రప్రదేశ్ సహా పలు రాష్ట్రాలు వద్దన్నాయి. 2010 ఫిబ్రవరి 9న రమేశ్ మారటోరియం విధించారు. బంగ్లాదేశ్ మాత్రం 2013లో అదే వంకాయకు అనుమతిచ్చింది.

ఆపడం సబబే అనుకుంటాను. ఒక సంగతి మాత్రం మింగుడుపడదు. బీటీ వంకాయ మీద అన్ని ప్రశ్నలు వేసిన మనం, వారం వారం మందు కొట్టి సంతకు తెచ్చే మామూలు వంకాయ మీద అందులో పదో వంతు కూడా వేయలేదు.

తర్వాతి కథ కాగితాల మీదే ఎక్కువ నడిచింది. జన్యుమార్పిడి తిండి ప్యాకెట్ల మీద జీఎం అని రాయాలన్న నిబంధన 2013 జనవరిలో అమల్లోకి వచ్చింది. 2018లో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ 65 ఆహార నమూనాలు పరీక్షిస్తే 32 శాతంలో జన్యుమార్పిడి ఆనవాళ్లు దొరికాయి. దొరికినవాటిలో ఎక్కువ దిగుమతి సరుకే. 2021లో కోళ్ల దాణా కోసం 12 లక్షల టన్నుల జన్యుమార్పిడి సోయా చెక్కను కేంద్రమే రానిచ్చింది. 2022లో అనుమతి పొందిన జన్యుమార్పిడి ఆవాలు మాత్రం సుప్రీంకోర్టు మెట్ల దగ్గరే ఆగాయి. 2024 జులైలో ఇద్దరు న్యాయమూర్తులూ భిన్న తీర్పులిచ్చారు. తిండి నాణ్యతనే లక్ష్యంగా పెట్టుకున్న విటమిన్-ఎ బంగారు బియ్యం సంగతి మరీ విచిత్రం. 2000లో ప్రపంచానికి పరిచయమైతే ఫిలిప్పీన్స్‌లో సాగు అనుమతి 2021లో దొరికింది, 2024లో అక్కడి కోర్టు దాన్నీ రద్దు చేసింది. గాసిపాల్ భయం లేకుండా పత్తిగింజనే తినదగ్గ తిండిగా మార్చిన శాస్త్రవేత్త కీర్తి రాథోర్ పరిశోధనకు 2018, 2019ల్లో అమెరికా పచ్చజెండా ఊపినా, మన పత్తి రైతుల్లో దాని ఊసెత్తినవాళ్లు అరుదు.

ఇప్పుడు వాదం మన అన్నం దాకా వచ్చింది. బాపట్లలో పుట్టిన సాంబ మసూరికి ఎండాకు తెగులు తట్టుకునే శక్తిని సీసీఎంబీ, రాజేంద్రనగర్ వరి పరిశోధన సంస్థ కలిసి మామూలు సంకరంతోనే తెచ్చాయి. ఆ రకం 2008లో విడుదలైతే ఎవరూ గొడవ చేయలేదు. 2025 మేలో అదే రాజేంద్రనగర్ సంస్థ, అదే సాంబ మసూరిలో జన్యువును సవరించి కమల అనే రకాన్ని ప్రకటించింది. దిగుబడి 19 శాతం ఎక్కువని, సుమారు 20 రోజులు ముందే కోతకొస్తుందని చెబుతోంది. మరో జీవి జన్యువు చేర్చని ఇలాంటి సవరణలను పాత కఠిన నిబంధనల నుంచి కేంద్రం 2022లోనే మినహాయించింది. పరీక్షలు తగ్గించడానికే ఈ వెసులుబాటని జన్యుమార్పిడి వ్యతిరేకులు మండిపడుతున్నారు. తల్లిరకం గింజ నాణ్యత చెక్కుచెదరలేదని శాస్త్రవేత్తలు అంటున్నారు. ఆ మాట తేల్చడానికి సాంబ మసూరి అన్నం తిని పెరిగిన జిల్లాలకు ప్రయోగశాల అక్కర్లేదు. పలుకు ఏమాత్రం లావెక్కినా మిల్లరు ధర కోసేస్తాడు, ఇంట్లో ఆడవాళ్లు ఎసరు దగ్గరే పట్టేస్తారు. వాళ్ల నాలుక్కీ అందని సంగతుల కోసం మాత్రం పరీక్షలు ఉండాల్సిందే.