పాత ఔట్‌బోర్డ్ మోటారు పూర్తి వేగంలో ఎందుకు తడబడుతుంది?

ఈసారి వలస చరిత్ర కాదు, ఒక మిషను చరిత్ర. మనలో చాలామందికి సముద్రంతో పని లేదు. అయినా పూరీ పెంఠకట మొదలుకొని తీరం పొడుగునా పడవ మీద బతికే తెలుగువాళ్ళు ఉన్నారు. పూరీ లాంటి చోట రేవు లేదు, ఇసుకలోంచే అలల్లోకి పడవ తోయాలి. అలలు విరిగే చోట మోటారు పూర్తి వేగం ఇవ్వకపోతే పడవ అడ్డం తిరుగుతుంది. ఆ తర్వాత ఏమవుతుందో చెప్పనక్కర లేదు.

పాత మోటారు నెమ్మదిగా తిప్పితే చక్కగా నడుస్తుంది. థ్రాటిల్ పూర్తిగా ఇస్తే ఎగిరి, పడి, మళ్ళీ ఎగురుతుంది. మెకానిక్ నీళ్ళ డ్రమ్ములో పెట్టి చూస్తాడు, బరువు లేదు కాబట్టి అంతా బాగానే ఉంటుంది. చివరికి కార్బురేటర్ మార్చమంటాడు. డబ్బు పోతుంది, రోగం పోదు.

రైల్వేలో రిజిస్టర్లు రాసినవాణ్ణి. ఏది ఎప్పుడు మారిందో తెలిస్తే ఫైలు సగం దొరికినట్టే. ఇక్కడా అంతే. పెట్రోలు ఏ దారిన కార్బురేటర్‌కు చేరుతుందో, ఆ దారి ఎప్పుడు మారిందో చూడండి.

అమెరికాలో మిల్వాకీలో ఓలే ఎవిన్‌రూడ్ అనే నార్వే దేశస్థుడు 1909లో తన మోటారును అమ్మకానికి పెట్టాడు. అంతకు కొద్ది ఏళ్ళ ముందే వాటర్‌మన్ అనే అతను ఒకటి చేశాడు, కానీ పేరు ఎవిన్‌రూడ్‌కే వచ్చింది. సరస్సు దాటి ఐస్‌క్రీం తెచ్చేలోగా కరిగిపోయిందని, అందుకే మోటారు కనిపెట్టాడని అందరూ చెప్పే కథ మీద నాకు పెద్ద నమ్మకం లేదు. వ్యాపారం, లెక్కలు, ప్రకటనలు చూసుకున్న భార్య బెస్ సంగతి ఎక్కువ మంది చెప్పరు, గుమాస్తాగా నాకు ఆవిడే ముఖ్యం. ఆ మోటారుకు పెట్రోలు డబ్బా దాని మీదే ఉండేది. పెట్రోలు పైనుంచి కిందికి దానంతటదే దిగేది. మూతలో గాలి రంధ్రం మూసుకోకుంటే చాలు.

మోటార్లు పెద్దవయ్యాక డబ్బా పడవలోకి దిగింది. 1950 ప్రాంతంలో జాన్సన్, ఎవిన్‌రూడ్ మోటార్లకు రెండు గొట్టాల డబ్బా వచ్చింది. ఒక గొట్టంలో ఇంజను గాలిని డబ్బాలోకి తోస్తుంది, ఆ ఒత్తిడికి రెండో గొట్టంలో పెట్రోలు ఎక్కుతుంది. ఇలాంటిది చేతికి వస్తే ముందు మూత రబ్బరు చూడండి. ఒత్తిడి కారిపోతే వేగంలోనే తెలుస్తుంది.

1960 నాటికి డబ్బా ఒత్తిడి పోయి, ఇంజను మీదే చిన్న పంపు వచ్చింది. క్రాంక్‌కేస్‌లో ఒత్తిడి హెచ్చుతగ్గులకు ఒక పల్చటి పొర ఆడుతూ పెట్రోలు లాగుతుంది. గొట్టం ఒకటే, మధ్యలో చేత్తో పిసికే రబ్బరు బల్బు. మనం చూసే పాత మోటార్లు ఎక్కువగా ఈ తరహావే. ఏళ్ళు గడిచే కొద్దీ ఆ పొర బిరుసెక్కుతుంది, గొట్టం జాయింట్లలో గాలి దూరుతుంది.

నెమ్మది నడకకు పెట్రోలు కొంచెం చాలు, అందుకే లోపం దాగుతుంది. పూర్తి వేగంలో కార్బురేటర్ గిన్నె ఖాళీ అవుతుంది, వేగం పడుతుంది. వాడకం తగ్గగానే గిన్నె మళ్ళీ నిండుతుంది, వేగం లేస్తుంది. ఆ ఊపు ఇదే.

పరీక్ష నీళ్ళ మీదే చేయాలి, ప్రశాంతమైన చోట, ఇద్దరు ఉండి. మోటారు తడబడేటప్పుడు ఒకరు బల్బు పిసకాలి. వేగం నిలబడితే జబ్బు పంపులోనో, గొట్టంలోనో, ఫిల్టర్‌లోనో. బల్బు దానంతటదే చప్పగా అతుక్కుపోతుంటే అడ్డం డబ్బా వైపు ఉంది, గాలి రంధ్రం, లోపలి గొట్టం చూడండి. పిసికినా మారకపోతే అప్పుడు కార్బురేటర్‌లో పెద్ద జెట్, లేదంటే స్పార్క్. కాయిల్ వేడెక్కి ఒక సిలిండర్ ఆగితే ఊపు ఉండదు, బలం ఒక్కసారిగా తగ్గి అలాగే ఉంటుంది. పెట్రోలుతో స్టార్ట్ చేసి కిరోసిన్ మీదికి మార్చే మోటార్లలో ప్లగ్గు మసి కూడా చూడాలి.

తడబడినా ఇంటికి చేరితే చాలని అదే థ్రాటిల్‌లో నడపకండి. టూ స్ట్రోక్ ఇంజనుకు ఆయిల్ పెట్రోలులో కలిసే వస్తుంది. పెట్రోలు తగ్గితే ఆయిలూ తగ్గుతుంది, పిస్టన్ పట్టేస్తుంది.

పూరీ, యానాం సభ్యులు ఆ రబ్బరు బల్బును మీ దగ్గర ఏమంటారో కింద రాయండి.