డాక్టర్ నోరి దత్తాత్రేయుడు గారు: స్త్రీల క్యాన్సర్ వైద్య చరిత్రలో మనకున్న పాఠం



మన అనంతపురం పల్లెలలో "కరెంటు పెట్టించుకోవడం" అనే మాట వినని వారు అరుదు. కరెంటు అంటే రేడియేషన్ చికిత్స. ఆ మాట వినగానే ఇంటిల్లిపాదీ ఆశ వదులుకోవడం నేను ఎన్నోసార్లు చూశాను. నిజానికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నయం చేసే సాధనాలలో అది అత్యంత ముఖ్యమైనది. ఆ చికిత్సకు జీవితాన్ని అంకితం చేసిన ఒక తెలుగు వైద్యుని గురించీ, ఆ చికిత్స మన కరవు సీమ స్త్రీలకు అందడంలో ఉన్న అడ్డంకుల గురించీ మీకు చెప్పదలచాను.

డాక్టర్ నోరి దత్తాత్రేయుడు గారు 1947లో కృష్ణా జిల్లా మంటాడ గ్రామంలో జన్మించారు. మచిలీపట్నంలో చదువుకొని, కర్నూలు వైద్య కళాశాలలో వైద్యపట్టా పొందారు. రాయలసీమలో నా తరం వైద్యులు అనేకులు చదివిన కళాశాల అదే. నేనూ అక్కడి విద్యార్థినే. 1970లలో ఆయన న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్ క్యాన్సర్ కేంద్రంలో చేరి, బ్రాకీథెరపీ విభాగానికి నాయకత్వం వహించారు. అనంతరం కార్నెల్ వైద్య విద్యాసంస్థలో ఆచార్యులుగా సేవలందించారు. స్త్రీల జననాంగ క్యాన్సర్లకు రేడియేషన్ చికిత్సపై బాసిల్ హిలారిస్‌తో కలిసి ఆయన సంపాదకత్వం వహించిన గ్రంథం 1987లో వెలువడింది. 2015లో భారత ప్రభుత్వం పద్మశ్రీతో గౌరవించింది.

బ్రాకీథెరపీ అంటే ఏమిటో కొంత వివరించాలి. 1898లో క్యూరీ దంపతులు రేడియంను కనుగొన్నారు. ఐదేళ్లకే, 1903లో, న్యూయార్క్‌లో మార్గరెట్ క్లీవ్స్ అనే వైద్యురాలు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు దానిని ప్రయోగించారు. రేడియోధార్మిక పదార్థానికి దూరం రెట్టింపైతే కిరణాల తీవ్రత నాలుగో వంతుకు పడిపోతుంది. అందువల్ల దానిని గడ్డ చెంతనే ఉంచితే గడ్డకు గరిష్ఠ మోతాదు అందుతుంది. పక్కనున్న మూత్రాశయానికీ పురీషనాళానికీ తక్కువ తగులుతుంది. బయటి యంత్రం ఒక్కటే ఇంత మోతాదును సురక్షితంగా ఇవ్వలేదు. అందుకే ముదిరిన గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు మొదట బయటి నుండి, తరువాత లోపలి నుండి రేడియేషన్ ఇస్తారు. ఈ రెండవ భాగమే బ్రాకీథెరపీ.

పూర్వం రేడియం గొట్టాలను వైద్యులు చేతితోనే అమర్చేవారు. రోగి రెండు మూడు రోజులు ఒంటరి గదిలో కదలకుండా పడుకోవలసి వచ్చేది. వైద్యులకూ నర్సులకూ కిరణాలు తగిలేవి. 1960 ప్రాంతంలో మెమోరియల్ ఆసుపత్రిలోనే ఉల్రిక్ హెన్ష్కే, ముందుగా ఖాళీ గొట్టాలను అమర్చి తరువాత వాటిలోకి రేడియోధార్మిక పదార్థాన్ని పంపే పద్ధతిని అభివృద్ధి చేశారు. నోరి గారు పనిచేసినది ఆ సంప్రదాయం నెలకొన్న చోటనే. క్రమంగా బియ్యపుగింజంత ఇరిడియం తునకను సన్నని తీగ చివర అమర్చి, యంత్రమే లోపలికి పంపి, కొద్ది నిమిషాలలో వెనుకకు తీసుకొనే విధానం వ్యాపించింది. మూడు రోజుల పడక నిమిషాలకు తగ్గింది. ఒకే యంత్రంతో రోజుకు పలువురికి చికిత్స చేయవచ్చు గనుక పేద దేశాలకు ఇది గొప్ప మేలు. అయితే ఇరిడియం అర్ధాయువు 74 రోజులే. మూడు నాలుగు నెలలకొకసారి కొత్తది తెప్పించాలి. ఆ ఖర్చు భరించగల ఆసుపత్రులు మన ప్రాంతంలో చాలాకాలం అరుదుగానే ఉండేవి.

ఇక్కడ నా పొరపాటు ఒకటి చెప్పుకోవాలి. 1980లలో నేను ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పనిచేస్తున్నప్పుడు వేరుశనగ కూలికి వెళ్ళే ఒక తల్లి వచ్చింది. ఎనిమిది నెలలుగా దుర్వాసనతో తెల్లబట్ట, మధ్య మధ్య రక్తస్రావం. పరీక్షించగానే విషయం అర్థమైంది. ఉత్తరం రాసి దూరనగరానికి పంపాను. ఐదు వారాలు బయటి కరెంటు పెట్టారు. రక్తం ఆగింది. పది రోజుల తరువాత లోపలి చికిత్సకు రమ్మన్నారు. ఆమె వెళ్ళలేదు. నాలుగు నెలల తరువాత నా వద్దకు వచ్చినప్పుడు అడిగితే, "రక్తం నిల్చిపాయ కదా సార్, వాన కూడా పడె. ఇత్తనమేయకుంటే ఎట్ల?" అన్నది. అప్పటికే వ్యాధి తిరగబెట్టింది. సంక్రాంతి చూడలేదు ఆ తల్లి.

ఏడాదికి ఒక్క పంట, అదీ వాన దయ మీద ఆధారపడిన నేలలో ఆమె నిర్ణయాన్ని నేను తప్పుపట్టలేను. తప్పు నాది. రక్తం ఆగడం నయం కావడం కాదనీ, రెండు భాగాలూ ఎనిమిది వారాలలోపు పూర్తికావాలనీ, మధ్యలో ఆపితే మొదటి భాగం శ్రమ వృథా అవుతుందనీ ఉత్తరం ఇచ్చేటప్పుడు నేను ఆమెకు చెప్పలేదు.

నోరి గారు పనిచేసిన కార్నెల్ సంస్థలోనే పూర్వం జార్జ్ పాపనికొలావ్ పాప్ స్మియర్ పరీక్షను అభివృద్ధి చేశారు. అది విస్తరించిన తరువాత అమెరికాలో ఈ వ్యాధి మరణాలు సగానికి పైగా తగ్గాయి. మన దేశంలో 2022 అంచనాల ప్రకారం ఏటా సుమారు 1,27,000 మందికి ఈ వ్యాధి సోకుతుండగా, దాదాపు 80,000 మంది మరణిస్తున్నారు. ప్రపంచంలోని ఈ మరణాలలో 90 శాతానికి పైగా పేద, మధ్యాదాయ దేశాలలోనే జరుగుతున్నాయి. వ్యాధి ఒక్కటే, తేడా అంతా సకాలంలో పరీక్ష, పూర్తి చికిత్స అందడంలో ఉన్నది.

ఈ దూరాన్ని తగ్గించే ప్రయత్నాలు జరగకపోలేదు. బసవతారకం గారు క్యాన్సర్‌తో మరణించిన తరువాత, ఆమె పేరిట నందమూరి తారక రామారావు గారు సంకల్పించిన ఆసుపత్రి 2000లో హైదరాబాదులో ప్రారంభమైంది. దానికి తోడ్పడిన ప్రవాస వైద్యులలో నోరి గారు ముఖ్యులు. 2007లో ఆరోగ్యశ్రీ ప్రయోగాత్మకంగా మొదలైన మూడు జిల్లాలలో మన అనంతపురం ఒకటి. 2021లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నోరి గారిని క్యాన్సర్ వైద్య సేవలకు సలహాదారుగా నియమించింది.

మరొక రేడియేషన్ వైద్యుడు, డాక్టర్ రెంగస్వామి శంకరనారాయణన్ గారు, మహారాష్ట్రలోని ఉస్మానాబాద్ జిల్లాలో నిర్వహించిన అధ్యయనం 2009లో వెలువడింది. మనలాగే వానలు తక్కువైన ఆ జిల్లాలో 30 నుండి 59 ఏళ్ల స్త్రీలకు ఒక్కసారి హెచ్‌పీవీ పరీక్ష చేసి, అవసరమైన వారికి చికిత్స చేస్తే, ఈ వ్యాధి మరణాలు దాదాపు సగానికి తగ్గాయి. కరవు ప్రాంతంలోనూ ఇది సాధ్యమని అది నిరూపించింది.

కనుక పాఠకులారా, మీ ఇంటి స్త్రీల విషయంలో ఇవి గుర్తుంచుకోండి. ముట్టు ఆగిన తరువాత రక్తం కనిపించినా, సంభోగానంతరం రక్తస్రావమైనా, దుర్వాసనతో తెల్లబట్ట అవుతున్నా సిగ్గుపడక వైద్యులను కలవాలి. ఏ లక్షణమూ లేకున్నా 30 ఏళ్లు దాటినవారు పరీక్ష చేయించుకోవాలి. ఆడపిల్లలకు 9 నుండి 14 ఏళ్ల మధ్య హెచ్‌పీవీ టీకా వేయించడం శ్రేయస్కరం. చికిత్స మొదలైతే చివరి రోజు వరకు పూర్తి చేయాలి. మధ్యలో విత్తే అదను వస్తే, ఆ నాలుగు రోజులూ ఆమె బదులు చేనికి ఎవరు వెళ్ళాలో ఇంటివారు ముందే నిర్ణయించుకోండి. వైద్యులు ఎంత కృషి చేసినా, ఆ ఒక్క సహాయం మాత్రం ఇంటివారే చేయగలరు.