ఐరోపాలో చలనచిత్ర విద్యాలయములు

సంగీతమునకు గురువు కావలెననుటలో ఎవరికిని సందేహము లేదు. శిల్పికిని, నర్తకికిని అంతే. చలనచిత్రము మాట వచ్చునప్పటికి మాత్రము, దీనికి బడి యెందుకు, స్టూడియోలో నాలుగేండ్లు క్లాపు కొట్టిన చాలదా యను ప్రశ్న నేటికిని వినవచ్చుచున్నది. ఈ ప్రశ్నలో కొంత నిజము లేకపోలేదు. మన సురభి నాటక సమాజముల పిల్లలు నడక నేర్చుచునే రంగస్థల మెక్కిరి. వారికి పట్టా నిచ్చిన కళాశాల ఏదియు లేదు. అయినను ఇరువదవ శతాబ్దమున ఐరోపా దేశములు ఒకదానివెంట నొకటి చలనచిత్రములకై ప్రత్యేక విద్యాలయములను నెలకొల్పినవి. ఏల నెలకొల్పినవి, అందేమి బోధించినవి, పాలకులు కోరిన దొకటి కాగా జరిగినదేమి అను సంగతులను శ్రోతల యెదుట నుంచుట మా యుద్దేశము.

మొదట చెప్పవలసినది మాస్కో నగరము. 1919లో అంతర్యుద్ధము సాగుచుండగనే అక్కడ ప్రభుత్వ చలనచిత్ర పాఠశాల ఆరంభమైనది. ఆ సంవత్సరము ఆగస్టు 27వ తేదీననే లెనిన్ చలనచిత్ర పరిశ్రమను జాతీయము చేయు శాసనముపై సంతకము చేసెను. పాఠశాల నిర్వహణకు వ్లదీమిర్ గార్దిన్ అను దర్శకుడు పూనుకొనెను. ప్రభుత్వమునకు కావలసినది స్పష్టమే. చదువురాని కోట్లకొలది జనులకు క్రొత్త రాజ్యపు సందేశము నందించు చిత్రములు కావలెను. వానిని తీయగల నమ్మకస్థులు కావలెను. గురువులు దొరకిరి, శిష్యులు దొరకిరి. దొరకనిది ఫిలిము. ముడిఫిలిము విదేశములనుండి రావలసిన సరకు. దిగ్బంధము వలన రాక నిలిచిపోయినది. బియ్యము లేక వంట నేర్పినట్లు, ఫిలిము లేక చిత్రము తీయుట నేర్పవలసివచ్చినది.

ఈ చిక్కును వరముగా మార్చుకొనిన వాడు లెవ్ కులెషోవ్. 1899లో పుట్టినవాడు, అనగా ఉపాధ్యాయుడైన నాటికి ఇరువది యేండ్లు దాటిన యువకుడు. అతని శిష్యులలో పుదోవ్‌కిన్ వయస్సున గురువుకంటె పెద్ద. కులెషోవ్ తన బృందముచే ఫిలిము లేని చిత్రములను ఆడించెను. చిన్న వేదికపై నల్లని తెరలను చకచక తెరచుచు మూయుచు, ఒక దృశ్యమునుండి మరియొక దృశ్యమునకు కత్తిరించినట్లు చూపించుచుండిరి. నటులకు సాము, మల్లబంధములు, ముష్టియుద్ధము నేర్పిరి. వేలి కదలిక మొదలు మెడ త్రిప్పుట వరకు ప్రతి చేష్టను లెక్కకట్టి సాధన చేయించిరి. అమెరికాలో గ్రిఫిత్ తీసిన ‘ఇన్‌టాలరెన్స్’ చిత్రము 1919లో మాస్కోలో ప్రదర్శింపబడగా, దానిని వైద్యవిద్యార్థులు శరీరమును కోసి చూచినట్లు ముక్కముక్కగా పరిశీలించిరి.

కులెషోవ్ పేరు నిలిపిన ప్రయోగము ఒకటి కలదు. మొజ్జూఖిన్ అను ప్రసిద్ధ నటుని పాత చిత్రమునుండి ఏ భావమును లేని ముఖము గల ముక్క నొకదానిని తీసికొనిరి. దాని ప్రక్కన ఒకసారి సూపు గిన్నెను, మరియొకసారి శవపేటికలోని స్త్రీని, ఇంకొకసారి ఆటబొమ్మతో ఆడుకొను పసిబిడ్డను అతికించిరి. చూచినవారు ఆ నటుని ఆకలిని, దుఃఖమును, వాత్సల్యమును వేనోళ్ల పొగడిరని పుదోవ్‌కిన్ చెప్పెను. మూడింటను ముఖము ఒక్కటే. ఆ ముక్కలు నేడు లభ్యము కావు. ప్రక్కన అతికించిన దృశ్యముల విషయమున చెప్పినవారు తలయొక విధముగా చెప్పిరి. కనుక దీనిని ప్రయోగశాలలోని నిర్ధారణవలె గ్రహింపరాదని మా యభిప్రాయము. కాని ఇందలి సూక్ష్మము మాత్రము గట్టిది: చలనచిత్రమున అర్థము ఒక బొమ్మలో లేదు, రెండు బొమ్మల నడుమ పుట్టుచున్నది. అదే రీతిగా, మాస్కో వీధులలో కలిసికొన్న ఇద్దరు నటుల నడుమ వాషింగ్టన్‌లోని శ్వేతసౌధపు ముక్కను అతికించి, ప్రపంచమున ఎక్కడను లేని ఒక నగరమును కులెషోవ్ సృష్టించెను. పేదరికము నేర్పిన పాఠమిది. చేతినిండ ఫిలిము ఉండినయెడల పాతముక్కలను ఏరి అతికించు తీరిక ఎవరికుండెడిది?

ఈ విద్యాలయమునకు తరువాత 1930లో ఇన్‌స్టిట్యూటు హోదా వచ్చినది. అక్కడ ఐజెన్‌స్టైన్ చెప్పిన పాఠములను నిజ్నీ అను శిష్యుడు వ్రాసియుంచెను. ఆ తరగతులలో ఉపన్యాసము తక్కువ, ప్రశ్న యెక్కువ. హైతీ నాయకుడు దెసలీన్‌ను విందునకు పిలిచి బంధింప జూచిరి, అతడు తప్పించుకొనవలెను. బల్ల ఎక్కడ వేయుదుము? తలుపు ఏ వైపున? అతడు ఏ కిటికీకి ఉరుకును? ఒక్కొక్క విద్యార్థి చెప్పిన దానిని బల్లపై గీయుచు, తప్పులను వారిచేతనే చెప్పించుచు గంటలు గడచెడివి. మరియొక మారు దోస్తయేవ్‌స్కీ నవలలోని హత్యను కెమెరా కదలక, ఒకే షాటులో తీయుట యెట్లని సమస్య నిచ్చెను. ముక్కల కూర్పునకు పేరొందిన మహాశయుడే కూర్పు లేని షాటును అడుగుట గమనింపదగినది. ఇట్లు పాఠము చెప్పుచున్న కాలముననే, 1937లో, అతడు తీయుచున్న ‘బెజిన్ మెదో’ చిత్రమును ప్రభుత్వము నిలిపివేసినది. కులెషోవ్ సైతము రూపవాది యను నిందను మోసినవాడే. అయినను 1944లో అతనినే ఆ విద్యాలయమునకు అధిపతిని చేసిరి. 1970లో మరణించువరకు అతనికి ఆ సంస్థతో సంబంధము తెగలేదు.

రోము నగరపు కథ ఇంతకంటె విచిత్రము. 1935లో ముస్సోలినీ ప్రభుత్వము అక్కడ ప్రయోగ చలనచిత్ర కేంద్రమును స్థాపించినది. దాని నడిపినవాడు లుయీజీ కియారీని. అతడు పిలిచి పాఠములు చెప్పించిన ఉంబెర్తో బార్బరో మార్క్సువాది. పుదోవ్‌కిన్ గ్రంథములను ఇటలీ భాషలోనికి తెచ్చినవాడు. ఫాసిస్టుల సొమ్ముతో, ఫాసిస్టుల కప్పు క్రింద, మాస్కో పాఠము రోములో వినబడినదన్న మాట! అక్కడ చదివిన జ్యుసెప్పే దె సాంతిస్, పియెత్రో జెర్మీ మొదలగువారు యుద్ధానంతరము కూలివారి బ్రదుకులను, దరిద్రుల వీధులను తెర కెక్కించిరి. 1950ల నడుమ కొలంబియానుండి వచ్చి అక్కడ కొంతకాలము చదివిన పత్రికా రచయిత గార్షియా మార్క్వెజ్, 1986లో క్యూబాలో చలనచిత్ర విద్యాలయ మొకటి నెలకొల్పుటలో పాలుపంచుకొనెను.

పారిస్ విషయమున మేము క్లుప్తముగా ముగింతుము. జర్మనుల యాక్రమణలో నుండగనే, 1943లో, మార్సెల్ లెర్బియే అను దర్శకుడు అక్కడ విద్యాలయము నెలకొల్పెను. అలె రెనే మొదటి తరగతిలోని విద్యార్థి. కాని 1950ల చివర ఫ్రాన్సు చిత్రములను తలక్రిందులు చేసిన యువకులలో పెక్కుమంది ఆ గడప త్రొక్కలేదు. త్రూఫో వంటి వారు హెన్రీ లాంగ్ల్వా సేకరించిన పాతచిత్రముల ప్రదర్శనశాలలో రాత్రింబవళ్లు కూర్చుండి నేర్చినవారు. ఏకలవ్యునకు ద్రోణుని మట్టిబొమ్మ యైనను ఉండెను. వీరికి గోడపై వెలుగునీడలే గురువు.

పోలండులోని వూజ్ నగరము నూలుమిల్లుల పట్టణము. యుద్ధమున వార్సా నేలమట్టము కాగా, రాజధానిలో నుండవలసిన సంస్థలు పెక్కులు ఇక్కడికి చేరినవి. 1948లో ఆరంభమైన చలనచిత్ర విద్యాలయమునకు ఒక మిల్లు యజమాని విడిచిన భవంతి దొరకినది. ఆ భవంతిలోని కొయ్యమెట్లు నేటికిని ప్రసిద్ధములు. సామాన్య జనులకు చూపని విదేశీ చిత్రములను విద్యార్థులకు చూపెడివారు. చూచి వచ్చి ఆ మెట్లపై కూర్చుండి వాదించుకొనుట అక్కడి అసలు చదువని పూర్వవిద్యార్థులు చెప్పుకొందురు. మొదటితరము వారిలో వైదా, ముంక్ ఉండిరి. చరిత్రకారుడైన యెర్జి తెప్లిత్జ్ చాలకాలము అధిపతిగా నుండెను.

క్షిష్తోఫ్ కిష్లోవ్‌స్కీ ఈ విద్యాలయ ప్రవేశపరీక్షలో రెండుసార్లు తప్పి మూడవసారి నెగ్గినవాడు. అతడు విద్యార్థిగా 1966లో తీసిన ‘ఆఫీసు’ అను చిన్న చిత్రము కొద్ది నిమిషములే సాగును. ఒక ప్రభుత్వ కార్యాలయపు కిటికీ. దాని ముందు వరుసగా ముదుసలులు. లోపల ముద్రలు వేయుచు పెన్సిలు చెక్కుకొను గుమాస్తా. ఈ కాగితము చాలదు, ఆ కాగితము తెమ్ము. చివర దస్త్రముల అలమారలు కనబడుచుండగా, జీవితమంతయు ఏమి చేసితివో వ్రాయుమని అడుగు గొంతు వినబడును. ఏ తాలూకా కచేరీలోనైనను నిలుచున్న వారికి దీనిని వివరింప బనిలేదు. ప్రభుత్వపు ఫిలిముతో, ప్రభుత్వపు కెమెరాతో, ప్రభుత్వపు కిటికీనే చూపిన విద్యార్థి యితడు. ఎట్టి నినాదమును లేదు, ఎవరిని దూషింపలేదు. చూచుట నేర్పిన బడి, ఇది చూడుము, అది చూడకుమని ఆజ్ఞాపించుట కష్టమని మా కిక్కడ తోచుచున్నది.

ఆజ్ఞాపింపజూచిన వారు లేకపోలేదు. 1968 మార్చిలో పోలండు విద్యార్థుల యలజడి తరువాత యూదులపై సాగిన ద్వేషప్రచారములో తెప్లిత్జ్ పదవి పోయినది. అతడు దూరమైన ఆస్ట్రేలియాకు పోయి, అక్కడ 1973లో ఏర్పడిన జాతీయ విద్యాలయమునకు తొలి అధిపతి యయ్యెను. ఒక దేశము వదలుకొనినది మరియొక దేశమునకు దక్కినది.

ప్రాగు నగరమున 1946లో వెలసిన విద్యాలయపు గతియు నట్టిదే. ఓతకార్ వావ్రా తరగతిలో చదివిన వేరా హితిలోవా, యిర్జి మెంజెల్ ప్రభృతులు 1960లలో లోకము మెచ్చిన చిత్రములు తీసిరి. 1968 ఆగస్టులో పరదేశ సైన్యములు ప్రాగులో ప్రవేశించినవి. తరువాత ఆ విద్యాలయమున సాహిత్యము బోధించుచుండిన మిలాన్ కుందేరా కొలువు పోయినది. 1969లో మెంజెల్ తీసిన ‘తీగెపై భరతపక్షులు’ చిత్రము పెట్టెలోనే యుండిపోయి 1990లో వెలుగు చూచినది. ఆ యేడు బెర్లిన్ ఉత్సవమున బంగరు భల్లూకమును గెలుచుకొనినది. ఇరువదియొక్క యేండ్లు ఒక చిత్రమును డబ్బాలో నుంచిన నష్టమును ఏ బహుమానము పూడ్చును?

మన దేశమున 1951లో ఎస్. కె. పాటిల్ అధ్యక్షతన చలనచిత్ర విచారణ సంఘము ఇట్టి విద్యాలయ మొకటి యుండవలెనని సిఫారసు చేసినది. అది కార్యరూపము దాల్చుటకు తొమ్మిదేండ్లు పట్టినది. 1960లో పూనాలో మూతపడిన ప్రభాత్ స్టూడియో ఆవరణమున భారత ప్రభుత్వము ఆ సంస్థను తెరచినది. 1936లో ‘సంత్ తుకారాం’ చిత్రమును తీసిన స్టూడియో అదియే. 1960ల నడుమ రిత్విక్ ఘటక్ కొద్దికాలము అక్కడ ఉపాధ్యాయుడుగా నుండెను. ఆ కొద్దికాలములోనే మణి కౌల్, కుమార్ శహానీ వంటి శిష్యులు ఆయన పాఠము వినిరి; 1969లో మణి కౌల్ ‘ఉస్కీ రోటీ’ని పూర్తిచేయగా, బస్సు నిలుచు చోట రొట్టెల మూటతో భర్తకొఱకు ఎదురుచూచు ఒక స్త్రీ నిరీక్షణమే కథగా గల ఆ చిత్రము చుట్టు దేశమందంతట పెద్ద వాదము రేగినది.