ముసలి కుక్కలో నడక ఇబ్బంది, రాత్రి నిద్రలేమి – రైతులు తీసుకోవలసిన జాగ్రత్తలు

చాలామంది చిన్న, సన్నకారు రైతులు ఇంటి కాపలాకు, పొలం దగ్గర తోడుకు ఒక చిన్న కుక్కను పెంచుకుంటారు. 5 నుంచి 8 కిలోల బరువుండే ఇలాంటి చిన్న కుక్కలు సాధారణంగా 12 నుంచి 15 ఏళ్లు బతుకుతాయి. 9, 10 ఏళ్లు దాటాక అరుగు ఎక్కలేకపోవడం, లేవడానికి కష్టపడటం, రాత్రిళ్లు నిద్రపోక తిరగడం, మూలగడం కనిపిస్తాయి. "ముసలిదైపోయింది, ఇక ఇంతే" అని చాలామంది వదిలేస్తారు. వయసు ఒక్కటే కారణం కాదు. దాని వెనుక నొప్పి గానీ, జబ్బు గానీ ఉంటుంది. కారణం తెలిస్తే చాలావరకు ఉపశమనం ఇవ్వవచ్చు.

నొప్పిని గుర్తించడం ఎలా?

కుక్క నొప్పితో ఎప్పుడూ అరవదు. ఈ కింది మార్పులను గమనించాలి.

• పడుకుని లేచిన వెంటనే నడక బిగుసుకుపోయి, కొంతసేపటికి కాస్త సర్దుకోవడం – కీళ్లవాపు.
• నడుస్తూ ఒక వెనుక కాలు ఎత్తి రెండు మూడు అడుగులు కుంటి, మళ్లీ మామూలుగా నడవడం – మోకాలి చిప్ప పక్కకు జారడం. చిన్న కుక్కల్లో ఇది ఎక్కువ.
• నడుము వంచి నిలబడటం, ఎత్తుకుంటే మూలగడం – వెన్నుపూసలో నొప్పి.
• జ్వరం, తిండి తగ్గడం, కాళ్లు మార్చి మార్చి కుంటడం – పిడుదుల (గోమార్ల) వల్ల వచ్చే జ్వరం కావచ్చు. రక్తపరీక్ష చేయించాలి.

రాత్రి నిద్రపోకపోవడానికి కారణాలు

• పడుకున్న చోట కుదురుగా ఉండక మాటిమాటికీ లేచి చోటు మార్చడం: ఎక్కువగా నొప్పి వల్లే.
• నీళ్లు ఎక్కువగా తాగి, రాత్రి పలుమార్లు మూత్రానికి లేవడం: మూత్రపిండాల జబ్బు, మధుమేహం. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించని ఆడకుక్క ఎదకు వచ్చిన ఒకటి రెండు నెలల్లో ఇలా చేస్తే గర్భసంచిలో చీము పట్టి ఉండవచ్చు. ఆలస్యం చేయరాదు.
• పడుకున్నప్పుడు దగ్గు, ఆయాసం: గుండె జబ్బు.
• చీకట్లో గుమ్మానికి, మంచానికి గుద్దుకోవడం: చూపు తగ్గడం.
• పగలంతా నిద్ర, రాత్రంతా తిరుగుడు, గోడ మూలలో చిక్కుకున్నట్లు నిలబడటం, ఇంటివారిని పోల్చుకోలేకపోవడం: వయసుతో మెదడు పనితీరు తగ్గడం.

అరుస్తోందని కొట్టరాదు, కట్టేయరాదు. ఒక వారం పాటు ఎన్నిసార్లు లేచింది, ఎంత నీరు తాగింది రాసి పెట్టుకోవాలి. నడకను ఫోన్‌లో వీడియో తీసి పశువైద్యునికి చూపిస్తే కారణం తేల్చడం సులువవుతుంది.

ఇంటి వద్ద చేయదగిన పనులు

1. సిమెంటు నేల మీద పడుకోనివ్వరాదు. రెండు మూడు గోనె సంచులు మడిచి, పైన పాత బొంత వేసి, గాలి, వాన తగలని చోట పడక ఏర్పాటు చేయాలి. తడిస్తే మార్చాలి.
2. నున్నటి గచ్చు మీద కాళ్లు జారకుండా అది నడిచే దారిలో గోనె పట్టా పరచాలి. పెరిగిన గోళ్లు కత్తిరించాలి.
3. మెట్ల దగ్గర వెడల్పాటి చెక్క ఏటవాలుగా పెట్టి, దానికి గోనె కొట్టాలి.
4. ఉదయం, సాయంత్రం చల్లటి వేళ 10 నిమిషాల చొప్పున మెల్లగా నడిపించాలి. పూర్తిగా కదలకపోతే కండ కరిగి కాళ్లు మరింత బలహీనపడతాయి.
5. పాత కీళ్లనొప్పికి గోరువెచ్చని నీటిలో ముంచి పిండిన గుడ్డతో 10 నిమిషాలు కాపడం పెట్టాలి. వాపు, గాయం ఉంటే పెట్టరాదు.
6. బరువు పెరగనివ్వరాదు. 6 కిలోల కుక్క ఒక్క కిలో పెరిగినా కీళ్లకు భారమే. అన్నం తగ్గించి ఉడికించిన గుడ్డు, ఎముకలు తీసిన మాంసం కలపాలి. ఉల్లి, వెల్లుల్లి వేసిన కూరలు, ఉడికిన ఎముకలు పెట్టరాదు. మూత్రపిండాల జబ్బు ఉంటే ఆహారం డాక్టరు చెప్పినట్లే ఇవ్వాలి.
7. రాత్రి తిండి 7 గంటల లోపు పెట్టి, మనం పడుకునే ముందు ఒకసారి మూత్రానికి బయటకు తీసుకెళ్లాలి. పడక దగ్గర నీళ్లు, ఒక చిన్న లైటు ఉంచాలి. పడక చోటు మార్చరాదు. మనుషులు పడుకునే చోటుకు దగ్గరగా ఉంటే కుదురుగా ఉంటుంది.

పొలం దగ్గర ప్రమాదాలు

ముసలి కుక్కకు వినికిడి తగ్గుతుంది. ట్రాక్టరు, ఆటో తీసే ముందు కింద చూసుకోవాలి. చూపు లేని కుక్కను గట్టు లేని బావి దగ్గర వదలరాదు. ఎలుకల మందు కలిపిన ఎరలు, పురుగు మందు డబ్బాలు అందని చోట ఉంచాలి.

మనుషుల నొప్పి మాత్రలు వేయరాదు

5 కిలోల కుక్కకు 500 మి.గ్రా. పారాసిటమాల్ మాత్ర ఒకటి వేస్తే కిలో బరువుకు 100 మి.గ్రా. పడినట్లు. ఇది కాలేయాన్ని దెబ్బతీసే మోతాదు. ఇబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వల్ల కడుపులో పుండ్లు పడి రక్తం పోతుంది, మూత్రపిండాలు దెబ్బతింటాయి. గేదెలకు ఇచ్చే నొప్పి బిళ్ల ముక్క చేసి వేయడం కూడా ప్రమాదమే. కుక్క బరువును బట్టి డాక్టరు రాసిన మందు మాత్రమే వాడాలి. మందు వాడేటప్పుడు వాంతులు, నల్లటి విరేచనం కనిపించినా, తిండి మానేసినా మందు ఆపి డాక్టరుకు చెప్పాలి.

వెంటనే జాగ్రత్త పడవలసిన లక్షణాలు

వయసు వల్ల వచ్చే ఇబ్బంది నెలల తరబడి మెల్లగా పెరుగుతుంది. రెండు మూడు రోజుల్లోనే నడక పడిపోయి, అరుపు మారి, చొంగ కారుతూ, నీళ్లు మింగలేక, అయినవారిని కూడా కరవబోతే రేబిస్‌గా అనుమానించాలి. గొంతులో ఏదో అడ్డుపడిందని నోట్లో చేయి పెట్టరాదు. విడిగా ఉంచి పశువైద్యునికి తెలపాలి. కరిచినా, గీరినా, చొంగ పుండు మీద పడినా ఆ చోటును సబ్బు, నీళ్లతో 15 నిమిషాలు కడిగి, అదే రోజు ఆసుపత్రికి వెళ్లి టీకా వేయించుకోవాలి. ముసలి కుక్కకు కూడా ఏటా రేబిస్ టీకా తప్పనిసరి.

ప్రవర్తన మారకుండా వెనుక కాళ్లు ఒక్కసారిగా పడిపోతే వెన్నుపూస సమస్య కావచ్చు. చెక్క మీద పడుకోబెట్టి అదే రోజు ఆసుపత్రికి చేర్చాలి.

ముందుగా దగ్గరలోని పశువైద్యశాలలో చూపించాలి. 1962 నంబరుకు ఫోన్ చేసి సంచార పశువైద్య సేవను అడగవచ్చు. ఎక్స్‌రే, రక్తపరీక్షలు అవసరమైతే తిరుపతి, గన్నవరం, ప్రొద్దుటూరు, రాజేంద్రనగర్, కోరుట్ల పశువైద్య కళాశాలల్లో సంప్రదించవచ్చు.

పనికి రాదని ముసలి కుక్కను ఊరి బయట వదిలిపెట్టరాదు. వైద్యంతోనూ తగ్గని బాధ ఉంటే, నొప్పి తెలియకుండా సాగనంపే విషయం డాక్టరుతో మాట్లాడి నిర్ణయించుకోవాలి. పదేళ్లు ఇల్లు కాచిన జీవికి చివరి రోజుల్లో మెత్తటి పడక, నొప్పి లేని నిద్ర ఇవ్వడం మన బాధ్యత.