పోర్టు ద్రాక్షాసవ చరిత్రము

మన వైద్యగ్రంథములు ఆసవములను, అరిష్టములను విస్తరించి చెప్పినవి. ద్రాక్షారిష్టము పేరు వినని పెద్దలు మనలో అరుదు. ద్రాక్షరసము పులియు కొలది అందలి తీపి తగ్గి మత్తు పెరుగును. పూర్తిగా పులిసినచో తీపి మిగులదు. అట్లుండగా పోర్చుగల్ దేశపు పోర్టు అను ఎఱ్ఱని ఆసవము మత్తు మిక్కుటమయ్యు తీయగా నుండును. ఈ వింత యెట్లు కలిగెనో, దాని పేరు నిలుపుటకు ఎవరేమి మూల్యము చెల్లించిరో నేడు మనవి చేసెదను. పానము మంచిదా చెడ్డదా యను విచారణ వేఱు. ఇది చరిత్ర విషయము.

డోరో నది స్పెయిను దేశమున పుట్టి, పోర్చుగల్ ఉత్తరభాగమున ప్రవహించి, పోర్టో పట్టణము వద్ద అట్లాంటిక్ సముద్రమున గలియును. ఎగువ లోయ యంతయు పలకరాతి కొండలు. రైతులా రాతిని పగులగొట్టి, గోడలు పేర్చి, మెట్లుమెట్లుగా ద్రాక్షతోటలు వేసిరి. పీపాలు పడవలపై దిగువకు వచ్చెడివి. రేవు పేరే ఆసవమునకు పేరయ్యెను.

1703లో ఇంగ్లండు, పోర్చుగల్ దేశములకు మెథుయెన్ ఒడంబడిక జరిగెను. ఆంగ్లేయుల ఉన్నిబట్టలకు పోర్చుగల్ దారి యిచ్చెను. పోర్చుగల్ ఆసవముపై ఇంగ్లండులో సుంకము ఫ్రెంచి ఆసవము కంటె మూడవవంతు తగ్గెను. గిరాకి పెరిగినది, దానితో దురాశయు పెరిగినది. పలుచని సరకునకు రంగు పుట్టింపవలెనని ఎల్డరు అను చెట్టు యొక్క నల్లని పండ్ల రసము కలిపిరి. గుట్టు బయటపడగా 1750 తరువాత ధరలు కూలిపోయెను. వర్తకులు రైతులను, రైతులు వర్తకులను నిందించుకొనిరి. పాలలో నీళ్లు కలిపినవాడొకడైనను, ఊరి పాలన్నింటికిని అపకీర్తి వచ్చును గదా! కల్తీ యెరుగని రైతును కూడ దారిద్ర్యము చుట్టుకొనెను.

అపుడు ప్రధానమంత్రిగా నున్నవాడు తరువాత పొంబాల్ మార్క్విస్ అని ప్రసిద్ధి చెందినవాడు. 1756లో ఆయన ఒక రాజకీయ కంపెనీని నెలకొల్పి, ధరలు నిర్ణయించి, తోటల సీమకు హద్దురాళ్లు పాతించెను. ఎల్డరు చెట్లను పెరికివేయించెను. మేలు జరిగినది, కాని పోర్టోలో చిల్లర అమ్మకపు హక్కు కూడ కంపెనీకే దక్కుటచే చిన్న పానశాలలవారి నోట మన్ను పడెను. 1757 ఫిబ్రవరిలో పట్టణమున తిరుగుబాటు లేచెను. పలువురిని ఉరితీసిరి. నాణ్యము కాపాడిన శాసనమే పేదల రక్తమును చూచినదని చరిత్రకారుడు దాచరాదు.

ఇక తీపి మాట. ఓడ ప్రయాణమున చెడకుండుటకై మొదట ఆసవమున కొంచెము సారా కలిపెడివారు. క్రమముగా, రసము సగము పులియుచుండగనే, ద్రాక్షాసవమును కాచి దించిన సారాను నాలుగుపాళ్లకు రమారమి ఒకపాలు చొప్పున పోయుట వాడుకయ్యెను. దానితో పులియుట ఆగి తీపి నిలిచిపోవును. పందొమ్మిదవ శతాబ్దిలో జోసెఫ్ జేమ్స్ ఫారెస్టరు అను ఆంగ్ల వర్తకుడు ఇదియు కల్తీయే యని 1844లో ప్రకటించి పోరాడెను. ఆయన 1861లో ఆ డోరో నదిలోనే మునిగి మరణించెను; ఆయన వాదము నెగ్గలేదు.

అట్లైన ఎల్డరు రసము దోషము, సారా గుణము ఎట్లగును? నాకు తోచిన సమాధానమిది: చెప్పి కలిపినది విధానము, దాచి కలిపినది మోసము. సారా సంగతి కొనువాడెరుగును. పండ్లరసపు సంగతి యెరుగడు.

1914 నాటి ఒడంబడిక ననుసరించి, పోర్చుగల్ పంటకు తప్ప ఇతరమునకు పోర్టు అను పేరు ఇంగ్లండులో చెల్లకుండెను. 2001లో యునెస్కో ఆ లోయను ప్రపంచ వారసత్వముగా గుర్తించెను. నేడు పోర్టులలో చౌకైనది రూబీ అను రకము. పెద్ద తొట్లలో రెండు మూడేండ్లుంచినది, కెంపురంగుది, నల్లపండ్ల వాసన గలది. చిన్న పీపాలలో ఏండ్లతరబడి మాగినది టానీ. రంగు తేలి, అక్రోటు, ఎండు అంజూరముల రుచి నిచ్చును. దాని వెల హెచ్చు. అయినను చౌకరకము కొనువాడును పేరునకు తగిన సరకునే పొందుచున్నాడు. ధనికుని గిన్నెకు మాత్రమే గాక సామాన్యుని గిన్నెకును హామీ యిచ్చినపుడే హద్దురాయి సార్థకమగును.